ఎక్కడికని అడగని రేవు

మొగపేటలో కోళ్ళకి కూడా ఇంగ్లీషు వచ్చని అమలాపురం బస్సు కండక్టరు ఎగతాళి చేస్తుంటాడు. అందులో అబద్ధం కొంచెమే. సాయంత్రం నాగదుర్గ ఇంటి పెరట్లో పిల్లలు చుట్టూ చేరగానే ఒక నల్లకోడిని పట్టి గంప కింద మూస్తారు. కోడి అండర్ ది బాస్కెట్ అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. గంప ఎత్తగానే అది రెక్కలు కొట్టుకుంటూ బయటపడుతుంది. అవుట్ ఆఫ్ ది బాస్కెట్ అని కేకలు. ఇంటి చుట్టూ పరిగెడితే ఎరౌండ్, బోర్లించిన నావ ఎక్కితే ఆన్, దడి కంతలోంచి దూరితే త్రూ. నా కూతురి కంటే ఆ కోడే ఎక్కువ పాఠాలు చెప్పింది అనేది నాగదుర్గ తల్లి మరిడమ్మ. ఆ మాట అంటూనే ఏ పండక్కీ దాన్ని కొయ్యనివ్వలేదు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటుని ఆ చుట్టుపక్కల మొగ అంటారు. ఆ మొగ ఒడ్డున సరుగుడు తోటకి ఇవతల ఉన్న పేట కాబట్టి మొగపేట. ఊరంతా చేపల వేట మీద బతికేవాళ్ళే. ఆ పేటలో పుట్టి, మరిడమ్మ ఎండుచేపలు అమ్మి చదివిస్తే చదువుకుని, అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరైన మనిషి నాగదుర్గ. పొద్దున్న బస్సెక్కి వెళ్ళి సాయంత్రం బస్సు దిగుతుంది. మొహం కడుక్కుని పెరట్లోకి వచ్చేసరికి పిల్లలు పలకలతో తయారుగా ఉంటారు. ఈ పెరటి బడికి జీతమూ లేదు, గంటా లేదు. దాని కోసమే ఆవిడ ఊరు వదిలిపెట్టకుండా ఉందని పేటలో అందరికీ తెలుసు. అమలాపురంలోనే హాస్టల్లో గది ఇస్తాం, పిల్లల్ని చూసుకుంటూ అక్కడే ఉండండి అని బడివాళ్ళు ఎప్పట్నించో అడుగుతున్నారు.

ఇంగ్లీషులో నాగదుర్గకి ఇష్టమైనవి పెద్ద పెద్ద మాటలు కావు. ఇన్, ఆన్, ఎట్, టు, ఫ్రమ్, ఇలాంటి చిట్టి మాటలు. ప్రిపొజిషన్లంటారు వాటిని. మనమైతే ఇల్లు అనేది ముందు చెప్పి, దాని వెనక లో అని తగిలిస్తాం. చెట్టు అన్నాకే కింద అంటాం. ఇంగ్లీషువాళ్ళు అలా కాదు. వస్తువు పేరు చెప్పడానికి ముందే అది లోపలో, పైనో, పక్కనో చెప్పేస్తారు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాగదుర్గ హైస్కూల్లో ఉంది. ఆ రోజు ఇంటికొచ్చే దారంతా ఆ మాటల్నే తల్చుకుంటూ నడిచింది. చోటుని ముందు చెప్పే భాష ఒకటి ఈ లోకంలో ఉందని ఆవిడకి ఎంత సంతోషమేసిందో, ఎందుకేసిందో, ఇంకెవరికీ చెప్పలేదు.

బళ్ళో తోటి టీచర్లు అక్కర్లేని టు తగిలించి రీచ్‌డ్ టు హోమ్ అంటే ఆవిడకి పంటి కింద రాయి పడ్డట్టుండేది. డిస్కస్ ఎబౌట్ అంటే మరీను. కానీ పెరటి బడిలో మాత్రం ఎవర్నీ కసిరేది కాదు. పిల్లలకి తెలిసిన సరుకుతోనే చెప్పేది. తెప్ప మీద కూర్చుంటాం కాబట్టి ఆన్. చిన్న నావలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాం కాబట్టి ఇన్. పెద్ద ఓడలో లేచి అటూ ఇటూ తిరుగుతాం, అంచేత మళ్ళీ ఆన్. కారుకి ఇన్, బస్సుకి ఆన్ కూడా అందుకే. వేటకెళ్ళే చినబాబు కూతురు లోవలక్ష్మి ఉంది, ఐదో తరగతి పిల్ల, దాని నోటికి తాళం లేదు. మన అమలాపురం బస్సులో తిరగడానికి చోటెక్కడుందండీ, కాబట్టి మన బస్సుకి ఇన్ అనే అనాలి అంది. నాగదుర్గ ఆ సాయంత్రమంతా నవ్వుకుంది.

ఒక్క చోట మాత్రం ఆవిడ గొంతు తగ్గేది. వేటకి వెళ్ళినవాణ్ణి ఎట్ సీ అనాలి. అంటే పడవ మీద ఉన్నాడు, పనిలో ఉన్నాడు, తిరిగొస్తాడు. ఇన్ ది సీ అంటే నీళ్ళలో ఉన్నాడని. తెలుగులో రెంటికీ సముద్రంలో ఉన్నాడనే అంటాం. ఇది చెప్పి నాగదుర్గ కాసేపు దడి అవతలికి చూసేది. పిల్లలు పలకల మీద రాసుకునేవాళ్ళు. ఆ తర్వాత కోడిని పట్టుకురమ్మనేది.

నాగదుర్గ మూడో తరగతి చదివేటప్పుడు ఆవిడ తండ్రి అప్పాజీ ఒక తెల్లవారుజామున వేటకి వెళ్ళాడు. తోడు రావలసిన మనిషికి జ్వరం వచ్చి ఒక్కడే వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఇక్కడ మొగపేట పద్ధతి ఒకటి చెప్పాలి. బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడగకూడదన్నది గోదావరి జిల్లాల్లో అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. దూరమా అండీ అని అడుగుతారు. ఆయ్, కొంచెం దూరమేనండి అని జవాబొస్తుంది. అడిగినవాళ్ళకి ఏమీ తెలియదు, చెప్పినవాళ్ళు ఏమీ చెప్పలేదు, ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. ఊళ్ళలో అది మర్యాదైతే మొగపేటలో అది ప్రాణం. నావని నీళ్ళలోకి తోసేటప్పుడు ఎవరైనా నోరు జారి ఎక్కడికి అన్నారంటే, ఆ మనిషి ఒడ్డుకి వచ్చెయ్యాలి. ఇసకలో కూర్చుని మంచినీళ్ళు తాగి, గంగమ్మని తల్చుకుని, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. అందుకని ఆడవాళ్ళు రేవులో నోరు కట్టేసుకుని నిలబడతారు.

అప్పాజీ వెళ్ళిన రోజున అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ఎవరూ ఏమీ అడగలేదు. అదే చిక్కయింది. సాయంత్రానికి నావ రాకపోతే పేటలో మగవాళ్ళంతా పడవలు తీశారు. కొందరు ఉప్పాడ దిక్కుకి పోయారు, కొందరు అంతర్వేది దిక్కుకి. కొందరు సముద్రంలో నూనె తీసే రిగ్గుల దాకా వెళ్ళి వచ్చారు. ఎవరి మనసుకి తోచిన వైపు వాళ్ళు వెతికారు. పైగా ఆ రోజుల్లో ఫోన్లు లేవు. ఇప్పుడున్నాయి కదా అంటారేమో, మొగ దాటి లోపలికి పోతే ఇప్పటికీ సిగ్నలుండదు. చాలా రోజులు వెతికారు. ఆ పైన వెతకడం మానేశారు గాని, మానేశామని ఎవరూ పైకి అనలేదు.

మరిడమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు పగలగొట్టుకోలేదు. తియ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ముత్తైదువో కాదో తెలియని మనిషి పడవకి ఎదురొస్తే మంచో చెడ్డో కూడా ఎవరికీ తెలియదు. ఆ ఇబ్బంది ఊరికి పెట్టడం ఎందుకని మరిడమ్మే వేట వేళకి తలుపు వేసుకుని లోపల ఉండేది. పడవలన్నీ మొగ దాటాయని తెలిశాక తలుపు తీసి, ఎండుచేపల గంప ఎత్తుకుని వ్యాపారానికి వెళ్ళిపోయేది. ఏ ఊరు వెళ్తోందో కూతురికీ చెప్పేది కాదు. చిన్నప్పుడు నాగదుర్గ బడి నుంచి వచ్చి, అమ్మ ఏ గట్టు మీద ఉందో తెలియక, అరుగు మీద కూర్చుని దారి చూస్తూ ఉండేది. ఆ పిల్లకి ఎక్కడ అన్న మాట మీద వెర్రి అప్పుడే పట్టింది.

ఆ వెర్రి ఇప్పటికీ పోలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని, కొబ్బరితోటలు వెనక్కి పోతుంటే, నాగదుర్గ నాన్నకి చోటు వెతుకుతుంది. కాలవ అవతల గట్టు మీద ఒక మనిషి తువ్వాలు భుజాన వేసుకుని నడుస్తుంటాడు. ఆయనేమో. వంతెన కింద నీడలో ఎవరో వల ఆరబెట్టుకుంటుంటారు. ఆయనేమో. మంచు పట్టిన రోజున లంకలు నీళ్ళ మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి, ఆ లంకల మధ్య నుంచి ఒక చిన్న నావ వస్తుంటుంది. బియాండ్, బిట్వీన్, బిసైడ్, బిహైండ్. ఒక్కో చోటుకి ఒక్కో మాట ఉంది. ఇన్ని మాటలుండగా ఒక్క మనిషికి ఒక్క చోటు దొరక్కుండా ఉంటుందా అనిపించేది ఆవిడకి. స్టాపు వచ్చి కండక్టరు కేకేస్తే గాని ఈ లోకంలోకి వచ్చేది కాదు.

ఈ ఏడు వేట నిషేధం తీరి పడవలు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళడం మొదలైన రోజుల్లో, పెరటి బడిలో కదలికల పాఠం వచ్చింది. టు, టువర్డ్స్, ఇన్‌టు, అక్రాస్. కోడితో ఇది కుదరదు, అది ఎటు పోతుందో దానికే తెలియదు. అంచేత నాగదుర్గ ఇంటిపని ఇచ్చింది. మీ ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళని వేర్ ఆర్ యూ గోయింగ్ అని అడగండి, వాళ్ళు చెప్పింది రేపు ఇంగ్లీషులో చెప్పండి అంది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వేటకెళ్ళేవాళ్ళనీ అడగొచ్చా అండీ అంది లోవలక్ష్మి. నాగదుర్గ దడి అవతలికి చూసింది. తర్వాత, ఇంగ్లీషులో అడిగితే తప్పేం లేదు అంది.

పొరపాటున అన్న మాట కాదది. తెలిసే అంది. ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్న ప్రశ్నని ఒక పసిపిల్ల నోట పెట్టి పంపింది.

మర్నాడు తెల్లవారుజామున చినబాబు పడవని నలుగురూ కలిసి తోస్తున్నారు. పాటు నీరు సముద్రం వైపు లాగుతున్నప్పుడే మొగ దాటాలి, ఆలస్యమైతే నీరు ఎదురు తిరుగుతుంది. అన్నం క్యారేజీ తెచ్చిన లోవలక్ష్మి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, గట్టిగా, శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా అడిగింది. వేర్ ఆర్ యూ గోయింగ్, నాన్నా?

చినబాబు ఏడో తరగతి దాకా చదివాడు. వేర్ అంటే ఏమిటో తెలియకపోవడానికి అతనేం పసివాడు కాదు. పడవ పట్టుకున్న చేతులన్నీ ఆగాయి. చినబాబు కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. పడవ వదిలి, ఒడ్డుకి నడిచి, ఇసకలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. అతను కూర్చున్నాడని పక్క పడవవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు. ఈలోగా పాటు అయిపోయి నీరు తిరిగింది. ఆ రోజు మొగపేట నుంచి ఒక్క పడవ కూడా మొగ దాటలేదు. మర్నాడు దాటారు గాని చినబాబు వల రాతికి పట్టి చిరిగింది. ఇక చెప్పేదేముంది.

చినబాబు తల్లి నూకరత్నం పెద్ద గొంతు మనిషి. దడి బయటే నిలబడి, లోపలికి రాకుండా, రెండు వీధులకి వినబడేలా మాట్లాడింది. నీ కూతురు చదువుకుంది కాబట్టి దానికి గంగమ్మంటే భయం లేదు, మాకుంది చెల్లీ, అని మరిడమ్మతో అంది. మీ ఇంటికొచ్చిన కష్టం చాలదా, మా ఇళ్ళకి కూడా పంచుతారా అంది. చివరి మాట అన్నాక ఆవిడకే బాధేసింది కాబోలు, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెరట్లోకి ఒక్క పిల్లా రాలేదు. ఆ మర్నాడూ అంతే.

మరిడమ్మ నూకరత్నందే తప్పని అనలేదు. అడిగించకుండా ఉండాల్సింది అని మాత్రం, పొయ్యి దగ్గర కూర్చుని, కూతురి మొహం చూడకుండా అంది. అప్పుడు నాగదుర్గ ఆగలేకపోయింది.

"ఆ రోజు ఎవరూ అడగలేదు కదమ్మా. అన్నీ పద్ధతిగానే చేశారు కదా. అడిగుంటే నాన్నని ఎక్కడ వెతకాలో తెలిసేది."

మరిడమ్మ చేతిలో గరిటె ఆగింది. కూర అడుగంటుతోందని నాగదుర్గే లేచి దించింది. తల్లిని అనకూడని మాట అన్నానని ఆవిడకి వెంటనే తెలిసింది గాని, వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. ఎందుకంటే అది నిజమే కదా.

పెరడు ఖాళీ అయింది. సాయంత్రం బస్సు దిగి వచ్చి నాగదుర్గ నావ మీద ఊరికే కూర్చునేది. నల్లకోడికి ఏం చెయ్యాలో తెలియక గంప చుట్టూ తిరిగేది, అలవాటు కొద్దీ తనంతట తనే గంప కిందికి దూరేది. దూరాన కొబ్బరితోటల వెనక పొద్దు దిగేది, సముద్రంలో రిగ్గు మీద గ్యాసు మంట ఎర్రగా కనిపించేది. పెరట్లో ఉన్నవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వల దండెం మీద ఉంది. తెడ్డు గోడకి ఆనుకుని ఉంది. పలకలు చూరు కింద ఉన్నాయి. వాటి చోటు చెప్పమని అడిగేందుకు పిల్లలు లేకపోతే, ఆ మాటలన్నీ ఆవిడకి కలలో విన్నట్టుగా ఉండేవి.

ఒక సాయంత్రం లోవలక్ష్మి కాలవ అవతలి గట్టున మేకని తోలుకెళ్తూ కనబడింది. నాయనమ్మ చూస్తోందేమోనని అటూ ఇటూ చూసి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, యూ ఆర్ అక్రాస్ ది కెనాల్ అని అరిచి పరిగెత్తింది. నాగదుర్గకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ రాత్రి తల్లితో, హాస్టల్ గదికి ఒప్పుకుంటున్నానని, వచ్చే నెల నుంచి అమలాపురంలోనే ఉంటానని చెప్పింది. నువ్వూ రామ్మా అంది. మరిడమ్మ రేవు వదిలి రాదని తెలుసు, అయినా అంది. మరిడమ్మ దీపం తగ్గించి పడుకుంది.

తెల్లారేసరికి నాగదుర్గకి తల్లి పక్క ఖాళీగా కనబడింది. తలుపు బార్లా తీసి ఉంది. పడవలు వెళ్ళే వేళ. ఆ వేళప్పుడు ఆ తలుపు తీసి ఉండటం, నాన్న తిరిగి రాని నాటి నుంచి, నాగదుర్గ ఎప్పుడూ చూడలేదు. పైట సర్దుకుంటూ రేవుకి పరిగెత్తింది.

మంచు కాదు గాని, గాలిలో తెల్లటి చెమ్మ ఉంది. పడవలు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు ఒక పక్కగా నిలబడ్డారు, నూకరత్నం, ఆవిడ పక్కన క్యారేజీతో లోవలక్ష్మి. మరిడమ్మ పడవలకి ఎదురుగా వెళ్ళలేదు. వాటి వెనకమాల, ఇసక మీద, ఎవరికీ అడ్డం కాని చోట నిలబడింది. పడవలు తోసేవాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పి చూశారు. చూసి, ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయారు. చినబాబు రెండడుగులు వెనక్కి వేసి, పిన్నీ, ఏంటి ఇలా వచ్చావు అన్నాడు.

మరిడమ్మ గొంతు పెద్దది కాదు. కానీ అప్పుడు రేవులో అలల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఆ పొద్దున నావ నీళ్ళలోకి తోశాక మీ చిన్నాన్న వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. ఇంత సేపు చూశాడు. అడుగుతానేమోనని చూశాడు నాయనా. నేను మొహం తిప్పేసుకున్నాను. మంచిదనే తిప్పుకున్నాను. ఏం చెప్దామనుకున్నాడో, ఎటని చెప్దామనుకున్నాడో, వినకుండా పంపేశాను."

ఆ మాట ఆవిడ అంతవరకూ ఎవరితోనూ అనలేదు. కూతురితో కూడా అనలేదు. నాగదుర్గ ఇసకలో నిలబడ్డచోటే నిలబడింది. అడిగుంటే తెలిసేది అని తను పొయ్యి దగ్గర అన్న మాట ఎవరికి ఎక్కడ గుచ్చుకుందో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ అమ్మ తలుపు వేసుకుని లోపల ఏం చూస్తూ కూర్చుందో కూడా తెలిసింది.

మరిడమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి చూపించింది. ఎక్కడికని అడగొద్దనే నేనూ అంటాను, పెద్దవాళ్ళు పెట్టింది ఊరికే పెట్టరు అంది. అడగకూడదన్నారు గాని, అడక్కుండా చెప్పకూడదని ఎవరూ అనలేదు కదా అంది. మీ అంతట మీరే చెప్పి వెళ్ళండయ్యా, విని ఊరుకుంటాం, మాట కూడా కలపం అంది.

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏమంటుందోనని అందరూ ఆవిడకేసే చూశారు. నూకరత్నం కొడుకు వైపు చూసి, మెల్లిగా తల ఊపింది.

చినబాబు పడవ అంచు పట్టుకుని, కూతురి వైపు తిరిగాడు. సిగ్గుపడ్డాడు. ఇన్నేళ్ళు వేట చేసినవాడికి తన దారి తను చెప్పుకోవడం కొత్తగా ఉన్నట్టుంది. మొగ దాటాక ఉప్పాడ దిక్కుకి పోతాను, గ్యాసు మంట కుడిచేతి వైపు పెట్టుకుని, కొత్తగా పడ్డ ఇసక మేటకి అవతల వల వేస్తాను అన్నాడు. లోవలక్ష్మి పెదాలు కదిలాయి. అడక్కూడదు, మాట కలపకూడదు, అందుకని పైకి అనలేదు. లోపల్లోపలే దాన్ని ఇంగ్లీషు చేసుకుంటోందని నాగదుర్గకి తెలుస్తూనే ఉంది. అక్రాస్, టువర్డ్స్, బియాండ్.

చినబాబు చెప్పాడని పక్క పడవవాడు పెళ్ళానికి చెప్పాడు. ముసలివాళ్ళు గొణిగినట్టు చెప్పారు, కుర్రాళ్ళు నవ్వుతూ చెప్పారు. ఒకాయనకి ఇంట్లో ఎవరూ లేరు, ఆయన వచ్చి మరిడమ్మకి చెప్పాడు. మరిడమ్మ ఒక్కొక్క మాటా విని తల ఊపింది. పడవలు పాటు నీటితో మొగ వైపు సాగాయి. ఒకటి వెనక ఒకటి తెల్లటి చెమ్మలోకి పోయి కనబడకుండా పోయాయి. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు అలవాటు ప్రకారం ఇళ్ళకి తిరగలేదు. ఎవరికి వాళ్ళు తమ పడవ పోయిన వైపు చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు చూడటానికి ఒక వైపు ఉంది.

ఆ సాయంత్రం నాగదుర్గ బస్సు దిగి వచ్చేసరికి పెరట్లో గోలగా ఉంది. కోడి గంప కింద ఉంది. లోవలక్ష్మి నావ మీద నిలబడి, నాన్న వచ్చేశాడని, వలలో పండుగప్పలు పడ్డాయని, ఆయన వెళ్ళిన దారంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆన్ ది రైట్ అనాల్సిన చోట ఇన్ ది రైట్ అంది. నాగదుర్గ దిద్దుదామని నోరు తెరిచి, రేపు దిద్దొచ్చులే అనుకుంది. హాస్టల్ గది సంగతి ఆ పైన ఎవరూ ఎత్తలేదు. నూకరత్నం మాత్రం దడి బయట నిలబడి, లోపలికి రాకుండా, చేపల పులుసు గిన్నె అందించి వెళ్ళింది.

ఆ రాత్రి తల్లీ కూతురూ పెద్దగా మాట్లాడుకోలేదు. అన్నం తిన్నాక నాగదుర్గ తల్లి పక్కన చేరి, ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. నాన్న నిన్ను చూస్తూ వెళ్ళాడమ్మా, అది నాకు ఇప్పటిదాకా తెలీదు అంది. మరిడమ్మ అప్పుడు ఏడ్చింది. పడవ రాని రోజున కూడా నలుగురిలో ఏడవని మనిషి, గాజుల చేతిని కూతురి ఒళ్ళో పెట్టి, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది.

తెల్లవారి పడవలు వెళ్ళాయి, చెప్పి వెళ్ళాయి. నాగదుర్గ బస్సుకి తయారవుతూ జడ వేసుకుంటోంది. మరిడమ్మ ఎండుచేపల గంప నెత్తికెత్తుకుంది. గడప దాకా వెళ్ళి ఆగింది. నాగదుర్గ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అడిగిందీ లేదు.

"కాలవ గట్టు మీంచి వెళ్తాను," అంది మరిడమ్మ, వెనక్కి తిరక్కుండా. "వంతెన అవతల లంక పక్కన కొత్త ఇళ్ళున్నాయి చూడు, అక్కడి దాకా. పొద్దు నడినెత్తికి రాకుండా వచ్చేస్తాను."

నాగదుర్గ చేతిలో జడ అలాగే ఉండిపోయింది. అరుగు మీద కూర్చుని దారి చూసిన చిన్నప్పటి సాయంత్రాలన్నీ ఆవిడకి ఒక్కసారే గుర్తొచ్చాయి. అలాగేనమ్మా అంది, ఎలాగో. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గంప కాలవ గట్టు ఎక్కింది, కొబ్బరిచెట్ల మధ్య నుంచి కొంత దూరం కనిపించింది, వంతెన దగ్గర మలుపు తిరిగింది. ఆ తర్వాత కనబడలేదు గాని, అమ్మ ఎక్కడుందో నాగదుర్గకి తెలుసు.